ఇంట్లో తొలి ఉప్పునీటి అక్వేరియం: ఖాళీ తొట్టె నుంచి మొదటి చేప దాకా

మంచినీటి చేపలను ఏళ్ల తరబడి పెంచినవాళ్లు కూడా ఉప్పునీటి తొట్టె దగ్గర మొదటి రెండు నెలల్లో దెబ్బ తింటుంటారు. కారణం ఉప్పు కాదు, తొందర. తొట్టెలో బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెచ్చిన చేపను విడిగా ఉంచి గమనించడానికి ఇంకో నెల కావాలి. అంటే ఈ రోజు తొట్టె కొంటే అందులో చేప ఈదేది రెండున్నర నెలల తర్వాతే. అంత ఓపిక లేదనిపిస్తే ఇప్పుడే ఆగిపోవడం మేలు, ఎందుకంటే ఇందులో డబ్బు పోయేదంతా ఆ తొందర వల్లే.

లెక్కలు తేలిగ్గా అర్థమయ్యేందుకు ఒకే తొట్టెను ఉదాహరణగా తీసుకుందాం: 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. కొలత ప్రకారం అందులో 182 లీటర్లు పడుతుంది. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నిజంగా నిలిచే నీరు 150 లీటర్లు. మందులైనా ఉప్పైనా ఈ 150 లీటర్లకే లెక్కకట్టాలి, 182కి కాదు.

తొట్టె, స్టాండు, చోటు

చిన్న తొట్టె తేలిక అనుకుంటారు కానీ వ్యవహారం తిరగబడుతుంది. ఆవిరైపోయేది మంచినీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. 40 లీటర్ల తొట్టెలో ఒక్క లీటరు ఆవిరైతే లవణీయత (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో చెప్పే అంకె, పీపీటీ) 35 నుంచి 35.9కి ఎక్కుతుంది. 150 లీటర్లలో అదే లీటరు తగ్గితే 35.2 దగ్గరే ఆగుతుంది. వేడిమి, అమ్మోనియా విషయంలోనూ ఇంతే: నీరు ఎక్కువ ఉంటే పొరపాటును సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. మొదటి తొట్టెకు 100 లీటర్ల లోపు వద్దు.

నీరు, 15 కిలోల ఇసుక, 15 కిలోల రాయి, 10 మిల్లీమీటర్ల అద్దం కలిపితే స్టాండు కాకుండానే 220 కిలోలు దాటుతుంది. ఇంట్లో వాడే టేబుల్ దీనికి పనికిరాదు. స్టాండు మీద రసమట్టం పెట్టి రెండు వైపులా చూడండి. వాలు ఉంటే కాళ్ల కింద సరిచేయాలి, తొట్టె కింద అట్టముక్కలు దోపకూడదు, ఎందుకంటే ఆ ఒత్తిడంతా అద్దంలో ఒకే చోట పడి ఎప్పుడో ఒకరోజు చీలుతుంది. కింద ఫ్రేమ్ లేని తొట్టెకు ఫోమ్ పరుపు వేయాలి, ఫ్రేమ్ ఉన్నదానికి వేయకూడదు.

కిటికీ ఎండ నేరుగా పడే చోటు వద్దు. గోడకు కనీసం 10 సెంటీమీటర్ల దూరం వదలండి, లేకపోతే వెనక పైపులు, తీగలు తీయాలంటే చెయ్యి పట్టదు. పెట్టాక కుళాయి నీటితో నింపి 48 గంటలు వదిలేయండి. కింది అంచుల వెంట టిష్యూ కాగితం పరిస్తే చిన్న చెమ్మ కూడా మరకగా కనిపిస్తుంది. లీకేజీ ఇప్పుడు బయటపడితే తుడుచుకుంటే సరిపోతుంది. ఉప్పునీరు నింపాక బయటపడితే నేల, చెక్క, విద్యుత్ పరికరాలు అన్నీ పాడవుతాయి.

నీరు, ఉప్పు

కుళాయి నీటిలో క్లోరిన్, క్లోరమైన్‌తోపాటు నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు, పాత గొట్టాల నుంచి వచ్చే రాగి ఉంటాయి. మొదటి రెండూ కండిషనరుతో (క్లోరిన్‌ను విరిచే ద్రవంతో) పోతాయి, మిగిలినవి పోవు. నైట్రేటు, ఫాస్ఫేటు నాచును పెంచుతాయి, రాగి నత్తలను, రొయ్యలను చంపుతుంది. కాబట్టి ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెసిన్ గుండా వచ్చిన నీరే వాడాలి. నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటరు 0 చూపాలి. 1, 2 చూపడం మొదలైతే రెసిన్ అయిపోయిందని అర్థం.

తాగునీటి ఆర్‌ఓ యంత్రం నీరు సరిపోదా అని చాలామంది అడుగుతారు. వాటిలో చాలావాటికి చివర్లో ఖనిజాలు తిరిగి కలిపే దశ ఉంటుంది, కొన్నిటిలో ముడి నీటిని కొంచెం కలిపే మర కూడా ఉంటుంది. అందుకే మీటరు 50 పైనే చూపుతుంది. ఆ దశకు ముందు నుంచే గొట్టం తీసి డీఐ కార్ట్రిడ్జి గుండా పంపిస్తే పనికొస్తుంది.

ఉప్పు అంటే వంట ఉప్పు కాదు, అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమం. వంట ఉప్పులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. కాల్షియం, మెగ్నీషియం, క్షారత (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) నిలిపే కార్బొనేట్లు మిశ్రమంలోనే ఉంటాయి. లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, బ్రాండును బట్టి, సంచి ఎంత తేమ పీల్చిందన్నదాన్ని బట్టి మారుతుంది. 150 లీటర్లకు 5 కిలోలతో మొదలుపెట్టి, కొలిచి, మిగతాది కొద్దికొద్దిగా కలపండి.

1. ముందు నీరు పోయాలి. అందులో పంపు తిరగాలి, వేడి 25 డిగ్రీల దగ్గర ఉండాలి.
2. తర్వాత ఉప్పును గుప్పెడు గుప్పెడుగా చల్లాలి. ఉప్పు మీద నీరు పోస్తే మొదట కరిగిన గాఢమైన ద్రావణంలో కాల్షియం కార్బొనేటు తెల్లటి పొడిగా విరిగిపోతుంది, అది మళ్లీ కరగదు. పాలలా తెల్లగా మారి మర్నాటికీ తేరుకోని నీరు వాడొద్దు.
3. 24 గంటలు పంపు నడిపి, అప్పుడు కొలవాలి. 25 డిగ్రీల దగ్గర 35 పీపీటీ, అంటే సాంద్రత 1.026 రావాలి. చేపలు మాత్రమే ఉండే తొట్టెకు 1.024 దాకా పరవాలేదు.

తొట్టె ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రం ఈ పని నేరుగా తొట్టెలోనే చేయొచ్చు. ఆ తర్వాత ఎప్పుడూ విడి డ్రమ్ములోనే.

లవణీయత కొలవడానికి రిఫ్రాక్టోమీటరు (నీటి చుక్కలో కాంతి ఎంత వంగుతుందో చూసి చెప్పే పరికరం) కొనండి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరులో ముల్లుకు ఒక్క గాలిబుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటరును మంచినీటితో సున్నాకు సరిచేస్తే చాలదు, 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూడాలి. మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు సముద్రపు నీటికి కాకుండా వంట ఉప్పు కలిపిన నీటి కోసం గీతలు గీసినవి. సున్నా దగ్గర సరిగ్గానే ఉండి 35 దగ్గరకొచ్చేసరికి ఒకటి, ఒకటిన్నర తేడా చూపుతాయి.

సామగ్రి

హీటరుకు లీటరుకు ఒక వాటు సరిపోతుంది. కానీ 150 వాట్లది ఒకటి కొనే బదులు 75 లేదా 100 వాట్లవి రెండు పెట్టండి. హీటర్లు పాడయ్యేది రెండు రకాలుగా. ఆగిపోతే తొట్టె చల్లబడుతుంది, ఆగకుండా వేడెక్కితే చేపలు ఉడికిపోతాయి. రెండు చిన్నవి ఉంటే ఒకటి ఆగినా రెండోది కాస్త నిలబెడుతుంది, ఒకటి ఆగకుండా నడిచినా తొట్టె మొత్తాన్ని అంత వేగంగా వేడెక్కించలేదు. 25, 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో నీటి పైభాగం మీదుగా ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, బదులుగా ఎక్కువ నీరు ఆవిరవుతుంది. అది కూడా చాలకపోతే నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లర్) తప్ప వేరే దారి లేదు.

నీటి ప్రవాహం గంటకు తొట్టె పరిమాణానికి 10 నుంచి 20 రెట్లు, అంటే మన ఉదాహరణకు 1,500 నుంచి 3,000 లీటర్లు. ఒక పెద్ద వేవ్‌మేకర్ (తొట్టెలో నీటిని కదిలించే పంపు) కన్నా రెండు చిన్నవి మేలు: రెండు చివర్లా పెట్టి ఎదురెదురు ప్రవాహాలు మధ్యలో ఢీకొనేలా తిప్పండి. నీటి పైభాగం ఎప్పుడూ అలలాడుతుండాలి, ఆక్సిజన్ లోపలికి వచ్చేది అక్కడి నుంచే.

ప్రొటీన్ స్కిమ్మరు సన్నటి బుడగలకు అంటుకునే వ్యర్థాలను నురగగా పైకి తెచ్చి గిన్నెలో పోస్తుంది. డబ్బా మీద 300 లీటర్లకు అని రాసినదాన్ని 150 లీటర్లకు సరిపోయేదిగా అనుకోండి. కొత్త స్కిమ్మరు మొదటి వారం పది రోజులు పిచ్చిగా పొంగుతుంది, లేదంటే అసలు నురగే రాదు. దాన్ని తిప్పుతూ కూర్చోకుండా వదిలేయండి.

సంప్ (తొట్టె కింద పెట్టి, పైపులతో కలిపే రెండో తొట్టె) పెట్టుకుంటే హీటరు, స్కిమ్మరు కనపడకుండా కిందకు పోతాయి, నీరూ పెరుగుతుంది. అయితే కరెంటు పోగానే పైనుంచి ఎంత నీరు దిగుతుందో ముందే చూసుకోవాలి. పంపు ఆపేసి, దిగేదంతా దిగాక సంప్ అంచుకు ఇంకా ఖాళీ మిగలాలి. పైకి నీరు పంపే గొట్టం మూతి నీటి లోపల ఉంటే సైఫన్ పడి నీరంతా వెనక్కి లాగేస్తుంది, అందుకే నీటి మట్టానికి కొంచెం కింద ఆ గొట్టానికి చిన్న రంధ్రం వేస్తారు. ఆ రంధ్రంలో నాచు పేరుకుంటే నేలంతా నీళ్లే. నెలకోసారి పుల్లతో శుభ్రం చేయండి.

చేపలకు ఏ ఎల్‌ఈడీ అయినా చాలు. పగడాలు పెట్టే ఆలోచన ఉంటే 420 నుంచి 470 నానోమీటర్ల నీలికాంతి ఉన్న దీపం తీసుకోండి. విద్యుత్ విషయంలో రాజీ పడొద్దు: షాక్ కొట్టే పరిస్థితిలో కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి, ప్రతి తీగా ప్లగ్గు కన్నా కిందికి వంపు తిరిగి పైకి వెళ్లాలి. తీగ వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంచండి.

రాళ్లు, ఇసుక

తొట్టెకు అసలు ఫిల్టరు రాయే. సన్న రంధ్రాలున్న రాయి లోపల బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. ఎనిమిది పది లీటర్లకు ఒక కిలో లెక్కన 15 నుంచి 18 కిలోలు చాలు. సముద్రపు జీవులతో వచ్చే లైవ్ రాక్‌తో తొట్టె త్వరగా స్థిరపడుతుంది కానీ ఐప్టేషియా అనే చిన్న అనిమోన్లు, మాంటిస్ రొయ్య లాంటి పిలవని అతిథులూ వస్తాయి. మొదటిసారికి డ్రై రాక్ తీసుకోవడమే మా సలహా. అందులో ఎండిపోయిన జీవపదార్థం ఉంటే ముందు బకెట్టు ఉప్పునీటిలో కొన్ని వారాలు నానబెట్టి, నీరు మారుస్తూ ఉండాలి. సముద్రతీరం నుంచి రాయి, పగడం ఏరి తేవడం చాలా చోట్ల చట్టవిరుద్ధం.

ఒక హెచ్చరిక. పురుగులు పోతాయని రాళ్లను ఎప్పుడూ ఉడకబెట్టకండి. కొన్ని జోయాంథిడ్ పగడాల్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఆవిరితో అది ఊపిరితిత్తుల్లోకి చేరి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

రాళ్లను ముందు తొట్టె అడుగున నేరుగా పేర్చి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద పేరిస్తే గోబీ చేప కింద తవ్వుకుంటూ పోతుంది, గుట్ట కూలి అద్దానికి తగులుతుంది. అతుకులకు ఎపాక్సీ, జెల్ సూపర్‌గ్లూ కలిపి వాడండి. నాలుగు అద్దాలకూ వేళ్లు పట్టేంత ఎడం ఉండాలి, లేకపోతే శుభ్రం చేసే అయస్కాంతం దూరదు. ఇసుక అరగొనైట్ అనే సున్నపు ఖనిజానిది, 2.5 సెంటీమీటర్ల మందం. అంతకు సుమారు 15 కిలోలు పడుతుంది. పొడి ఇసుకను నీరు తేటపడేదాకా కడగాలి. అడుగున పళ్లెం పెట్టి దాని మీద నెమ్మదిగా నీరు పోస్తే ఇసుక లేవదు. అయినా రెండు మూడు రోజులు మసకగానే ఉంటుంది, కంగారు పడొద్దు.

సైక్లింగ్: చేపలు లేని నెల

చేప మొప్పల నుంచి, కుళ్లిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. చేపలు రాకముందే ఈ రెండింటినీ అమ్మోనియా పెట్టి పెంచడమే సైక్లింగ్.

కుళ్లే రొయ్య ముక్క వేసే పాత పద్ధతిలో ఎంత అమ్మోనియా వస్తుందో తెలియదు, ఫాస్ఫేటు మాత్రం తప్పకుండా వస్తుంది. స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడు వాడండి. 150 లీటర్లకు దాదాపు ఒక గ్రాము వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా అవుతుంది. ఎంత తొందరైనా 5 దాటనివ్వొద్దు, అంత గాఢతలో బ్యాక్టీరియాయే మందగిస్తుంది. ఇళ్లు తుడిచే అమ్మోనియాలో సబ్బు, సువాసన కలిపి ఉంటాయి, దాన్ని ముట్టుకోవద్దు. సీసాలో దొరికే బ్యాక్టీరియా కలిపితే సమయం తగ్గుతుంది, కాకపోతే సీసా ఎండలో, వేడిలో ఉండి రాకూడదు. లైట్లు ఆపేయండి, స్కిమ్మరు ఆపేయండి, నీరు మార్చొద్దు.

రెండు రోజులకోసారి పరీక్షించండి. ముందు అమ్మోనియా తగ్గడం మొదలై నైట్రైటు ఎగబాకుతుంది. ఈ దశలో టెస్ట్ కిట్ నైట్రేటు 100 అని చూపి భయపెడుతుంది. చాలా కిట్లు నైట్రైటునూ నైట్రేటుగానే లెక్కేస్తాయి, కాబట్టి నైట్రైటు పడిపోయేదాకా ఆ అంకెను నమ్మొద్దు. ఇంకో మాట: మంచినీటిలో నైట్రైటు చేపలను చంపేస్తుంది, ఉప్పునీటిలో క్లోరైడు అడ్డుపడుతుంది కాబట్టి ప్రమాదం చాలా తక్కువ. ఇక్కడ అసలు శత్రువు అమ్మోనియాయే.

మళ్లీ 2 మిల్లీగ్రాములు వేసి 24 గంటల తర్వాత చూస్తే రెండూ సున్నా కావాలి. అయితే సైకిల్ పూర్తయినట్టే. సగం నీరు మార్చి నైట్రేటును 20 లోపుకు దించండి. సంప్‌లో ఒక స్పాంజి ఫిల్టరును మొదటి రోజు నుంచే వేసి ఉంచితే అదీ బ్యాక్టీరియాతో నిండి ఉంటుంది. దాని అవసరం వెంటనే వస్తుంది.

నాచు, నత్తలు

లైట్లు రోజుకు ఎనిమిది గంటలు వెలిగించడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇసుక మీద గోధుమ రంగు పొడి పేరుకుంటుంది. ఇది డయాటమ్, సిలికేటు అయిపోగానే తనే పోతుంది. తర్వాత పచ్చనాచు. ముదురు ఎరుపు పొర చాపలా లేస్తే అది సయనోబ్యాక్టీరియా, సాధారణంగా ప్రవాహం అందని మూలల్లో వస్తుంది. వేవ్‌మేకర్ దిశ మార్చి, పొరను సైఫన్‌తో లాగేయండి.

వీటన్నిటికన్నా మొండిది డైనోఫ్లాజెల్లేటు: గోధుమ రంగు చీమిడిలా సాగి, కొసన గాలిబుడగలు పట్టుకుని ఉంటుంది. నీటిని మరీ శుభ్రం చేసి నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు దించినవాళ్లకే ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే పోటీ పడే మిగతా జీవులు ఆకలితో చచ్చిపోతాయి. నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉండనివ్వండి.

నాచు కంటికి కనిపించాకే నత్తలు. ట్రోకస్ నత్తలు ఆరు, ఇసుకను కదిలించే నసారియస్ మూడు చాలు. వీటికి లవణీయత ఒక్కసారిగా మారితే తట్టుకోలేవు. గంటసేపు సన్నని గొట్టంతో చుక్కచుక్కగా తొట్టె నీరు కలుపుతూ, సంచిలోని నీరు మూడింతలయ్యాక వదలాలి. హెర్మిట్ పీతలు వేస్తే పక్కన పెద్ద సైజు ఖాళీ గవ్వలు కూడా వేయండి. ఇల్లు ఇరుకైతే అవి నత్తను చంపి దాని గుల్లలోకి మారతాయి.

చేపలు, క్వారంటైన్

తెల్లమచ్చల జబ్బు తెచ్చేది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. చేప ఒంటి మీద మచ్చలు కొన్ని రోజుల్లో రాలిపోతాయి, యజమాని తగ్గిపోయిందని సంబరపడతాడు. నిజానికి అవి రాయికి, ఇసుకకు అతుక్కుని, పగిలి, వందలుగా తిరిగొస్తాయి. ఒకసారి ప్రధాన తొట్టెలోకి వస్తే చేపలన్నిటినీ బయటికి తీసి, తొట్టెను 76 రోజులు చేపలు లేకుండా ఉంచడం ఆనవాయితీ. రాగి మందు అక్కడ వేయలేం, నత్తలు, రొయ్యలు, పగడాలు చస్తాయి, రాయి కూడా రాగిని పీల్చుకుంటుంది.

కాబట్టి 40 లీటర్ల విడి తొట్టె, రాయి, ఇసుక లేకుండా. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, హీటరు, సంప్ నుంచి తీసిన ఆ స్పాంజి. ప్రతి చేపా ఇక్కడ 30 రోజులు. జబ్బు కనిపిస్తే ఇక్కడే రాగి, మందు సీసా మీద చెప్పిన మోతాదుకు, టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ. అమ్మోనియాను కట్టేసే కండిషనర్లను రాగితో కలపకండి, రాగి ఇంకా విషపూరితమవుతుంది. ఈ నెలంతా ప్రధాన తొట్టెకు మూడు నాలుగు రోజులకోసారి అర గ్రాము అమ్మోనియం క్లోరైడు వేసి బ్యాక్టీరియాను బతికించండి. నత్తలు వేశాక మాత్రం అమ్మోనియా వద్దు, బదులుగా చిటికెడు చేపల మేత వేయండి.

150 లీటర్లకు నాలుగైదు చిన్న చేపలే. ఒసెల్లారిస్ క్లౌన్‌ఫిష్ జంట, రాయల్ గ్రామా, వాచ్‌మన్ గోబీ, ఫైర్‌ఫిష్ కలిస్తే బాగుంటుంది. క్లౌన్‌ఫిష్‌లన్నీ మగవిగానే మొదలవుతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. అందుకే ఒకే సైజువి కాకుండా ఒక పెద్దది, ఒక చిన్నది తీసుకోండి. ఫైర్‌ఫిష్ బెదిరితే గాల్లోకి ఎగురుతుంది, వల మూత తప్పనిసరి. డామ్సెల్‌లు గట్టివే, కానీ తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతాయి. నీలి టాంగ్ 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. మాండరిన్ బతికేది సూక్ష్మమైన కోపీపాడ్‌ల మీద, కొత్త తొట్టెలో ఆకలితో చస్తుంది.

కొనే ముందు మీ కళ్లముందే మేత వేయమనండి. తినని చేపను, కడుపు లోపలికి పోయినదాన్ని, మొప్పలు వేగంగా ఆడించేదాన్ని తీసుకోవద్దు. సంచి నీటి లవణీయత ముందే అడిగి క్వారంటైన్ నీటిని దానికి సరిపెట్టుకోండి. సంచిని 15 నిమిషాలు తేలనిచ్చి, తెరిచిన వెంటనే చేపను వలతో మార్చేయండి. గంటల తరబడి ప్రయాణించిన సంచిలో కార్బన్ డయాక్సైడు వల్ల పీహెచ్ తగ్గి అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది. నత్తలకు మంచిదైన చుక్కల పద్ధతి ఇక్కడ చేపను చంపేది అందుకే. సంచి నీరు ఒక్క చుక్క కూడా తొట్టెలోకి పోకూడదు.

ప్రధాన తొట్టెలోకి ముందు సాధువులను, చివర్లో దబాయించేవాటిని పంపాలి, మధ్యలో రెండు వారాల వ్యవధితో. కరిగించి కడిగిన మైసిస్ రొయ్య, ఆర్టీమియా రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే.

ప్రతి రోజూ, ప్రతి వారం

తొట్టె అద్దం మీద నీటి మట్టానికి గీత గీసి, తగ్గినంత ఆర్‌ఓ-డీఐ మంచినీరే రోజూ పోయండి. ఉప్పునీరు పోస్తే లవణీయత పెరుగుతూ పోతుంది. ఆవిరైనంత నీటిని తనే పోసే ఆటో టాప్-ఆఫ్ పెట్టుకుంటే దాని డబ్బాలో పది లీటర్లకు మించి నింపొద్దు, సెన్సారు ఇరుక్కున్న రోజున నష్టం అంతటితో ఆగుతుంది.

వారానికి 15 లీటర్లు మార్చండి, కొత్త నీటి వేడి, లవణీయత పాతదానితో సమానంగా ఉండాలి. క్షారత 8 నుంచి 9 డీకేహెచ్ (క్షారత కొలమానం), పీహెచ్ 8.0 నుంచి 8.4. క్షారత సరిగ్గా ఉండి పీహెచ్ మాత్రం 7.8 చూపితే అది గదిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడు పని. పొడులు వేయకండి, కిటికీ తెరవండి. వేవ్‌మేకర్లను రెండు నెలలకోసారి వెనిగర్ కలిపిన నీటిలో గంటసేపు నడిపితే పేరుకున్న సున్నం కరుగుతుంది.

పగడాలకు కనీసం మూడు నాలుగు నెలలు ఆగి, మష్రూమ్, లెదర్ పగడాలతో మొదలుపెట్టండి. జోయాంథిడ్‌లను చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కోయొద్దు. క్లౌన్‌ఫిష్‌కు అనిమోన్ అక్కర్లేదు, కావాలనుకుంటే ఏడాది నిండిన తొట్టెలోనే. అప్పుడు కూడా అనిమోన్ నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తూ తిరుగుతుంది, కాబట్టి దాన్ని వదలక ముందే వేవ్‌మేకర్ల మూతులకు స్పాంజి తొడగండి.